డూల్: కట్టచాటు గ్రామము

బెల్జియము దేశమున డచ్చి భాష మాటలాడు ఉత్తరభాగమునకు ఫ్లాండర్సని పేరు. ఆ సీమలోని ఆంట్వెర్పు మహానగరమునుండి షెల్డు నదివెంట సముద్రమువైపు సాగినచో, ఎడమగట్టున డూల్ అను చిన్న గ్రామము కనబడును. గ్రామము కనబడుననుటకన్న, దాని గుడిశిఖరమును, కట్టపై నిలిచిన ఇటుకల గాలిమరయు కనబడుననుట సరియైన మాట. తక్కిన ఊరంతయు నదీకట్ట చాటున, పోటునీటి మట్టముకన్న పల్లమున దాగియున్నది. కట్ట దిగినచో చదరంగపుబల్లమీది గీతలవలె ఒకదాని నొకటి సూటిగా ఖండించుకొనిపోవు కొలదిపాటి వీథులు, వానికిరుప్రక్కల ఒద్దికగా నిలిచిన ఇటుకల యిండ్లు. ఉత్తరమున అణువిద్యుత్కేంద్రపు చల్లార్పు గోపురములు రెండు, ఇంచుమించుగా 170 మీటర్ల యెత్తు గలవి, ఊరిమీదికి వంగి చూచుచున్నట్లుండును. దక్షిణమున ఓడలలోనికి ఇనుప పెట్టెల నెత్తి దింపు క్రేనుల వరుస. ఈ రెంటి నడుమ ఇరుకున నున్నది డూల్.

1970 ప్రాంతమున నీ యూర సుమారు 1,300 మంది కాపురముండిరి. 2015 నాటికి ఇరువది ముప్పదిమందికన్న మిగులలేదు. ఈ నడుమ అచట యుద్ధము జరుగలేదు, వరద ముంచలేదు, తెగులు తగులలేదు. పోయినవారిలో చాలమంది తమ యిండ్లను తమ చేవ్రాలుతోనే అమ్మి పోయిరి. ఇది యెట్లు జరిగెనో తెలిసికొనవలెనన్నచో మొదట ఆ నేల యెట్లు పుట్టెనో తెలిసికొనవలెను.

మన గోదావరిలోని లంకలు నది తనంత తాను ఒండ్రు వేసి యిచ్చినవి. ఫ్లాండర్సు తీరమున పోల్డరని పిలువబడు భూములు అట్టివి కావు. అవి మనుష్యుడు పూనికతో నీటియొద్దనుండి లాగికొన్నవి. పోటునీరు తెచ్చి వేసిన ఒండ్రు పేరుకొని గడ్డి మొలచిన మెరకను ఎన్నుకొని, దానిచుట్టు మట్టికట్ట వేయుదురు. లోపల సూటిగా కాలువలు త్రవ్వి వాననీటిని ఊటనీటిని ఒకచోటికి చేర్తురు. కట్టలో నొక తూము ఉండును. ఆటువేళ నది తగ్గగానే తూము తలుపు తెరచుకొని లోపలినీరు వెలుపలికి పోవును. పోటువేళ నది పొంగగానే ఆ నీటి ఒత్తిడికే తలుపు మూసికొనును. కొన్నియేండ్ల వానలకు ఉప్పు కడుగబడిపోయిన పిదప ఆ నేల బంగారము పండును. కాని ఆ కట్టను ఎవ్వరును ఒంటరిగ కాపాడుకొనలేరు. ఒక్కని పొలమెదుట గండి పడినను అందరి పొలములును మునుగును. కావున మధ్యయుగములనుండియే పోల్డరు భూములవారందరు సంఘముగ నేర్పడి, కట్టపన్ను వేసికొని, కట్టపై విచారణకొక పెద్దను ఉంచుకొనుచుండిరి. రాజులు మారినను ఈ నీటిసంఘములు నిలిచినవి. ఆ దేశమున పురపాలనమునకు, ప్రాతినిధ్యమునకు పట్టుకొమ్మలైన అలవాట్లు కొన్ని యీ బురదలోనే మొలచినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

డూల్ అను పేరు 1267 నాటి లేఖలో తొలిసారిగ కానవచ్చుచున్నది. డచ్చి భాషలో నేడు ఆ మాటకు లక్ష్యము, గురి అని యర్థము. పిమ్మట ఇన్ని ప్రణాళికలకు గురియైన యూరికి ఆ పేరే యుండుట చిత్రము. ఆనాడది చుట్టును తడినేలలు గల యొక దీవి. దానికుత్తరమున సాఫ్టింగె అను సంపన్నమైన సీమ యుండెను. 1570వ సంవత్సరమున నవంబరు మొదట, సకల పునీతుల పండుగనాడు, వచ్చిన పెనుతుపానులో ఆ సీమలో చాలభాగము సముద్రము పాలయ్యెను. మిగిలినదానిని మనుష్యులు ముంచిరి. అది నెదర్లాండ్సు ప్రజలు స్పెయిను రాజుపై తిరుగబడిన కాలము. 1584లో పార్మా ప్రభువైన అలెగ్జాండర్ ఫార్నేసి ఆంట్వెర్పును ముట్టడించి, డూల్‌కు ఎగువనున్న కల్లో యొద్ద నదికి అడ్డముగ పడవలతో వంతెన కట్టెను. నగరమునకు సాయము పోవు ఓడలు మునిగిన పొలములమీదుగ నైనను పోగలవని తిరుగుబాటుదారులు నదీతీరపు కట్టలను తెగగొట్టిరి. ఉప్పునీరు పొలములపై పారెను. నగరము మాత్రము దక్కలేదు. 1585 ఆగస్టు 17న లొంగిపోయెను. లక్షమందికి నిలయమైన ఆ వర్తకరాజధానిలో నాలుగేండ్లకు 42,000 మంది మాత్రమే మిగిలిరి.

దేశభక్తితో పల్లెలవారు తమ పొలములను తామే ముంచుకొనిరని ఇట్టి కథలలో చెప్పుట వాడుక. కట్ట తెగగొట్టు నాజ్ఞ యిచ్చినది నగరములవారును సైన్యాధికారులును. మునిగినవి రైతుల చేలు. వారి నెవ్వరును అడిగినట్లు చరిత్రలో లేదు. అడుగవలెనను తలంపే ఆ కాలమునకు రాలేదు.

సాఫ్టింగె నేటికిని తేలలేదు. హాలండు సరిహద్దులో మూడున్నరవేల హెక్టారులకు పైబడి అది పోటునీరు వచ్చిపోవు బురదమేటగ మిగిలి, పక్షులకు నెలవైనది. ఆ సీమవారు ధనగర్వముతో కన్నుగానకుండిరనియు, వలలో చిక్కిన జలకన్య నొకతెను నవ్వులపాలు చేసిరనియు, అందుకు కలిగిన శాపమున సీమయంతయు మునిగి గుడిగోపురములు మాత్రము నిలుచునని మాట పడెననియు ఒక కథ కలదు. మంచు కమ్మిన దినముల ఆ గంటలు వినబడునని చుట్టుప్రక్కలవారు చెప్పుకొందురు. ఈ గోపురముల మాట పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఎనుబదియేండ్ల ఆ యుద్ధము నడుమ 1609 మొదలు 1621 వరకు సంధి కుదిరెను. ఆ పండ్రెండేండ్ల ఊపిరిలోనే డూల్ పుట్టెను. అప్పుడు దక్షిణ నెదర్లాండ్సును పాలించుచున్న ఆల్బర్టు, ఇసబెల్లా దంపతుల కాలమున, 1613 మొదలుకొని, మునిగిన భూమిచుట్టు మరల కట్ట వేసిరి. ఆంట్వెర్పు ధనవంతులు ఇందు పెట్టుబడి పెట్టిరి. భూమిని కాగితముపై ముందుగనే చతురస్రములుగ కొలిచి గీచి, పిదప ఆ గీతల ననుసరించి కాలువలు త్రవ్వి, బాటలు వేసి, వీథులు తీర్చిరి. ఆ దేశమున పాత పల్లెలన్నియు ఆవులు నడచిన దారివెంట వంకరటింకరగ పెరిగినవే. డూల్ మాత్రము తాడు పట్టి తీర్చినట్లుండును. నాలుగువందల యేండ్లు గడచినను ఆ గీతలు చెదరలేదు. బెల్జియములో నిట్టిది మరియొకటి లేదని పురావస్తు విచారకుల యభిప్రాయము. ఆనాటి యిండ్లలో ‘ఎత్తయిన యిల్లు’ అను పేరుగల కట్టడము నేటికిని నిలిచియున్నది. అది జగత్ప్రసిద్ధుడైన చిత్రకారుడు రూబెన్సు బంధువర్గమునకు చెందినదని ప్రతీతి. కట్టమీది గాలిమరయు ఆ శతాబ్దపుదే.

ఊరు లాభాపేక్షతో పుట్టినదని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. వర్తకులు సొమ్ము పెట్టిరి. రాజు అనుమతి నిచ్చెను. కొలతగాండ్రు గీతలు గీచిరి. గ్రామమును రేవుకు బలి యిచ్చుటకు వాదించినవారిలో కొందరు ఈ మాటనే యెత్తుకొనిరి: ఆది యందును ఇది వ్యాపారమే గదా, వ్యాపారము కొరకు పుట్టినది వ్యాపారము కొరకు పోయిన తప్పేమి యని. ఇందొక మోసము కలదు. పెట్టుబడి పెట్టినవారు ఆంట్వెర్పులోనే యుండిరి. చలిగాలిలో కట్టపై మట్టి మోసినవారును, ఉప్పునేలను మంచినేలగ మార్చినవారును, అచట పుట్టి, పెండ్లాడి, ఆ గుడి పెరటిలోనే పూడ్చబడినవారును వేరు. ఊరును గీచినవారు ఒకరు; ఊరైనవారు మరియొకరు.

తరువాతి రెండు శతాబ్దములనుగూర్చి వేగముగ చెప్పవచ్చును. 1648 నాటి మ్యూన్‌స్టరు సంధిలో డచ్చివారు షెల్డు నదిని మూయించిరి. సముద్రపుటోడలు ఆంట్వెర్పునకు పోవుట కడ్డు కలిగెను. నగరము నిద్రించినంతకాలము డూల్ తన పొలములతో, చేపపడవలతో సుఖముగనే యుండెనని చెప్పవచ్చును. 1792లో ఫ్రెంచివారు నదిని తెరచిరి. 1830లో బెల్జియము స్వతంత్రమైనను ఎదుటిగట్టున లిల్లో, ఈ గట్టున లీఫ్‌కెన్స్‌హుక్ కోటలు 1839 వరకు డచ్చివారి చేతనే యుండెను. 1832 డిసెంబరులో డూల్ కట్టలపైనే ఫ్రెంచి సైనికులకును డచ్చివారికిని పోరు జరిగెను. శాంతి కలిగిన పిమ్మట ఉత్తరమున ఆరెన్‌బెర్గు ప్రభువులు కొత్త పోల్డరులు వేసిరి. వారిలో ప్రాస్పర్ అను నాతని పేర నొకటి 1840లలో, హెడ్విగె అను ప్రభుపత్ని పేర నొకటి 1907లో వెలసినవి. ఊరి నడిమి దేవాలయమును 1851-54 నడుమ కట్టిరి. 1863లో బెల్జియము హాలండునకు సొమ్ము చెల్లించి నదిమీది సుంకమును తొలగించుకొనెను. అంతటితో ఆంట్వెర్పు నిద్ర లేచెను. అది లేచినదిగదా యని డూల్‌లో నెవ్వరును భయపడియుండరు. రేవు అప్పటికి కుడిగట్టున, ఎగువన ఉండెను.

భయపడవలసిన దినము 1950 తరువాత వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఓడలు పెరిగెను. చమురుశుద్ధి, రసాయనముల కర్మాగారములు వచ్చెను. రేవు కుడిగట్టువెంట దిగువకు ప్రాకెను. దాని దారిలో ఓస్టర్‌వేల్, విల్మార్స్‌డాంక్, ఊర్దెరెన్, లిల్లో అను పోల్డరు గ్రామము లుండెను. 1950లు, 1960లలో ఒకదాని తరువాత నొకటిగ వానిని కూల్చి, నేలను నదియిసుకతో మెరక చేసి, దానిపై రేవు కట్టిరి. లిల్లోలో కోట మిగిలెను, ఊరు పోయెను. విల్మార్స్‌డాంక్‌లో గుడిగోపుర మొక్కటి మిగిలి, నేటికిని సరకుల నడుమ దిక్కులేక నిలిచియున్నది. ఓస్టర్‌వేల్ గుడి చుట్టును నేల మెరకయైనందున అది గుంటలో దిగినట్లు కానవచ్చును. జలకన్య శాపము చెప్పినవారు సముద్రమును తలచిరి గాని, రేవును తలచియుండరు.

కుడిగట్టు నిండగానే చూపు ఎడమగట్టుకు మరలెను. 1960ల చివర గీచిన రేవు పటములలో డూల్ లేకయే పోయెను. పిదప ఆర్థిక మాంద్యము వచ్చి, ఆ యుత్సాహము తగ్గి, ఊరికి కొంత ఊపిరి దొరకెను. ఈ లోపుగనే ఊరికుత్తరమున నదియొడ్డున అణువిద్యుత్కేంద్రపు నిర్మాణము 1969లో మొదలయ్యెను. 1975లో రెండు యంత్రములు, 1982లో మూడవది, 1985లో నాలుగవది నడువనారంభించెను. ఊరి పిల్లలు గోపురముల నీడలో ఆడుకొని పెరిగిరి. అంత పెద్ద కేంద్రమును ప్రక్కన పెట్టినపుడు ఊరును ఖాళీ చేయనక్కరలేదనిన ప్రభుత్వమే, ఓడలపెట్టెలకు చోటు కావలసినపుడు ఆ యూర జీవనము దుర్భరమగునని చెప్పుట గమనింపదగినది.

మరియొక సంగతి కలదు. దానిని చరిత్రకారులు తేలికగ దాటిపోవుదురు గాని నేనట్లు దాటజాలను. 1977 జనవరి 1న బెల్జియము తన పురపాలకసంఘములను కలిపివేసి, 2,359 గా నున్నవానిని 596 కు తగ్గించెను. అంతవరకు స్వంత సభయు స్వంత అధ్యక్షుడును గల డూల్ నాడు బెవెరెన్ అను పెద్ద సంఘములో చేరిపోయెను. పాలన చవుక యగుట నిజమే. కాని ఒక ఊరి భవిష్యత్తు తేలబోవు సమయమున ఆ యూరి పేర మాటలాడుటకు చట్టము గుర్తించిన నోరు లేకపోయెను. కొన్నివందల వోట్లు పెద్ద సంఘములో ఏపాటివి?

1998 జనవరిలో ఫ్లెమిషు ప్రభుత్వము ఊరి దక్షిణపు అంచున డోర్గాంక్ అను పేర ఒక పెద్ద ఓడలరేవుగుంట త్రవ్వ నిశ్చయించెను. దాని ప్రక్కన మనుష్యులు నివసించుట తగదనియు, కాలక్రమమున డూల్ నివాసస్థలముగ నుండదనియు తేల్చెను. గ్రామస్థులలో కొందరు సంఘమై ఎదిరించిరి, కొందరు అలసిరి. ప్రభుత్వము ఎడమగట్టు భూముల నిర్వహణకై ముందే యేర్పడియున్న సంస్థచే ఇండ్లు కొనిపించసాగెను. ధర మంచిదే. త్వరగ అమ్మినవారికి అదనపు సొమ్మును కలదు. అమ్మిన పిదపకూడ కొంతకాలము అద్దెకుండవచ్చును. బలవంత మెచటను లేదు.

బలవంతము లేదను మాటను కొంచెము నిలిచి పరీక్షింపవలెను. ఆ యూర నొక గృహస్థురాలు ఉన్నదని పాఠకులు తలచుకొనుడు. ఇల్లు తాతలనాటిది. పైకప్పు కారుచున్నది. మరమ్మతు చేయించుటా, మానుటా? పదియేండ్లకు ఊరే యుండదన్నచో ఆ ఖర్చెవరికొరకు? కొత్తగ ఇల్లు కట్టుకొనుటకు అనుమతి లేదు. కుమారునికి పెండ్లియైనచో వేరు కాపురమునకు ఊర చోటు లేదు. ఆతడు వేరొకచోటికి పోవును. పిల్లలు తగ్గినందున బడి మూతపడును. బడి మూతపడినందున పిల్లలుగల మరి రెండు కుటుంబములు పోవును. కొనువారు తగ్గినందున రొట్టెల యంగడి మూయబడును. ప్రక్కయిల్లు సంస్థవారు కొని కిటికీలకు పలకలు బిగించిరి. రాత్రి ఆ వైపు దీపము లేదు. ఇల్లు బయటివాడు కొనడు, కొనువాడు ప్రభుత్వమొక్కడే, నేడిచ్చు ధర రేపుండునో లేదో తెలియదు. ఇంత జరిగిన పిమ్మట ఆమె చేవ్రాలు చేయును. ఆ కాగితముపై ‘స్వేచ్ఛగ’ అని వ్రాసియుండును. నా యభిప్రాయమున డూల్‌ను ఖాళీ చేసినది క్రేనులు కావు, యంత్రములు కావు. రేపేమగునో తెలియని దశాబ్దములు. ఒక్కమారు పొమ్మని ఆజ్ఞ యిచ్చియుండినచో న్యాయస్థానమునకు పోవుటకైనను పట్టు దొరకెడిది. అనిశ్చయముపై ఎవరు వ్యాజ్యము వేయగలరు? అమ్మి పోయినవారిని నిలిచినవారు పిరికివారనుటయు, నిలిచినవారిని పోయినవారు మొండివారనుటయు ఇట్టిచోట్ల సహజము. రెండును అన్యాయమే.

ఆజ్ఞ కనబడిన చోటనెల్ల మాత్రము నిలిచినవారు న్యాయస్థానమునకు పోయిరి. 2001లో రాష్ట్రసభ యను ఉన్నత పరిపాలనా న్యాయస్థానము తీర్పు వలన గుంటపని నిలిచిపోయెను. యంత్రములు ఆగెను. అంత ఫ్లెమిషు శాసనసభ ఆ సంవత్సరము డిసెంబరు 14న ఒక ప్రత్యేక శాసనము చేసెను. మహత్తరమైన ప్రజాప్రయోజనము కలదని చెప్పి, ఆ నిర్మాణపు అనుమతులకు శాసనసభయే ముద్ర వేయుట దాని సారము. అధికారి యిచ్చిన అనుమతిని న్యాయస్థానము సులువుగ కొట్టివేయగలదు. శాసనసభ ముద్రపడిన దానిని అంత సులువుగ ముట్టజాలదు. వ్యాజ్యమాడుచున్నపుడు ఎదుటిపక్షము న్యాయసూత్రమునే మార్చివేసినట్లయ్యెను. రేవు వలన వేలకొలది కుటుంబములు బ్రదుకుచున్నవి, దేశమునకు సంపద వచ్చుచున్నది. ఆ సంగతిని త్రోసిపుచ్చుట అవివేకము. కాని ప్రజాప్రయోజనమునకు బలము నిజముగ నున్నచో న్యాయస్థానము ముందర దానిని నిరూపించుటకు వెరపేల?

2005 జూలైలో డోర్గాంక్ గుంటను రాజు ప్రారంభించెను. సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవుగల ఆ గుంటకు తలుపులు లేవు; నది ఆటుపోటులతో అదియు ఎగసి దిగుచుండును. 2008లో ఖాళీ యిండ్లను కూల్చుటకు పూనుకొన్నపుడు ఊర పోలీసులను దింపవలసివచ్చెను. అద్దెకున్నవారి గడువు 2009లో ముగిసెను. మిగిలిన ఇండ్లలో దొంగలు పడి రాగి, సీసములతోకూడ ఊడదీసికొనిపోయిరి. గోడలపై దేశదేశముల వీథిచిత్రకారులు వచ్చి బొమ్మలు వేసిరి. గెంటు నగరపు చిత్రకారుడు ‘రోవా’ వేసిన పెద్ద పక్షుల, జంతువుల బొమ్మలు వానిలో పేరుపొందినవి. అంతట డూల్ దయ్యముల యూరని ప్రసిద్ధిచెంది, దూరమునుండి జనులు ఛాయాచిత్రములు తీసికొనుటకు రాసాగిరి. ఇంటిలో దీపము పెట్టుకొని భోజనము చేయుచున్నవారి కిటికీలోనికి, ఇది పాడుపడిన ఇల్లేగదా యని తొంగిచూచు యాత్రికులు! నిలిచిన కొలదిమందికి కూల్చువారికన్న ఈ చూడవచ్చువారు ఎక్కువ బాధ కలిగించిరేమో.

ఇంతటితో ఆగలేదు. ప్రభుత్వము రెండవ గుంటను తలపెట్టెను. దానికి సాఫ్టింగె పేరే పెట్టెను! మునిగిపోయిన సీమ పేరును, మునుగబోవు గ్రామముపై త్రవ్వు గుంటకు పెట్టిన ఆ రసికుడెవరో గాని, చరిత్ర తెలియనివాడై యుండవలెను, లేదా చాల తెలిసినవాడై యుండవలెను. 2013లో ఆమోదించిన ప్రణాళిక ప్రకారము ఆ గుంట డూల్ ఉన్నచోటనే రావలెను. అచటి బురదమేటలు, పచ్చికపల్లములు ఐరోపా చట్టముచే రక్షింపబడిన పక్షుల నెలవులు. వానికి బదులుగ వేరొకచోట కొత్త నెలవులను ముందుగ సృష్టింతుము గనుక నష్టము లేదని ప్రభుత్వము వాదించెను. గ్రామస్థులు, వారితో చేరిన ఇతరులు మరల న్యాయస్థానమెక్కిరి. విషయము లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమువరకు పోయెను. ముందు ముందు సృష్టింపబోవు నెలవును చూపి నేటి నెలవునకు హాని లేదనరాదనియు, హాని గలదని యొప్పుకొని, వేరు మార్గము లేదనియు తప్పనిసరి ప్రజాప్రయోజనము గలదనియు మొదట నిరూపింపవలెననియు 2016 జూలై 21న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ డిసెంబరులోనే బెల్జియపు రాష్ట్రసభ ప్రణాళికను కొట్టివేసెను.

రేపటి గూటిని చూపి నేటి గూటిని కూల్చరాదని పక్షుల విషయమున ధర్మాసనము చెప్పినది. డూల్ గృహస్థులకు ఇరువదియేండ్లుగ జరిగినది అదియే. వారి విషయమున ఇంత స్పష్టమైన మాట ఎవ్వరును చెప్పియుండలేదు. పక్షులు ఊరును కాపాడినవని నవ్వుచు చెప్పుకొందురు. అవి అమ్ముటకు చేవ్రాలు చేయవు గనుక వానిని లొంగదీయుట కష్టమైనదనుట మరింత నిజము.

ప్రభుత్వము మరల ఆలోచింపవలసివచ్చెను. ఓడలపెట్టెలకు చోటు వేరువిధముగ కూర్చు మార్గములను పోల్చి చూచిరి. ఊరిని కూల్చకయే గుంట త్రవ్వవచ్చునని 2019 చివర తేలెను! 2022 మార్చిలో ఫ్లెమిషు ప్రభుత్వము, రేవు అధికారులు, బెవెరెన్ పురపాలకులు, గ్రామరక్షణ సంఘము కలిసి ఒడంబడిక చేసికొనిరి. డూల్ నిలుచును, రేవునకును ఊరికిని నడుమ ఎడముంచవలెను, కొన్న ఇండ్లను బాగుచేయవలెను. నిలుచుటకు హక్కు వచ్చునప్పటికి నిలిచియున్నవారిని వ్రేళ్లపై లెక్కపెట్టవచ్చును. పోయినవారు బెవెరెన్‌లోను, ఇతర గ్రామములలోను కొత్త కాపురములు పెట్టికొని యిరువదియేండ్లు గడచినవి. వారి పిల్లలకు డూల్ తల్లిదండ్రుల మాటలలోని ఊరు. కూలిన యిండ్ల స్థలములు పండ్లూడిన నోటివలె వీథులలో సందులై మిగిలినవి.

ఆ 2022వ సంవత్సరమే సెప్టెంబరులో అణువిద్యుత్కేంద్రపు మూడవ యంత్రము నాపివేసిరి. 2025 ఫిబ్రవరిలో మొదటి యంత్రమును ఆగెను. నాలుగవదానికి మాత్రము 2035 వరకు ఆయుష్షు పొడిగించిరి.

ఉత్తరమున హెడ్విగె పోల్డరు సంగతి వేరుగ ముగిసెను. ఆంట్వెర్పు రేవునకు పెద్ద ఓడలు పోవుటకై షెల్డు నదిని మరింత లోతు చేసినందుకు, ఆ నదీముఖమున ప్రకృతికి కలిగిన నష్టమును పూడ్చుటకని, బెల్జియము హాలండులు 2005లో ఒప్పుకొనిన కార్యక్రమములో ఆ పోల్డరును నీటికి తిరిగి యిచ్చుటయు చేరెను. కట్టలను నిలుపుటే పురుషార్థమని తరతరములుగ నేర్చిన డచ్చి రైతులు, ముఖ్యముగ 1953 నాటి మహావరదలో బంధువులను పోగొట్టుకొన్నవారు, మంచి పంటభూమిని చేజేతుల ముంచుట చూడజాలక పదునేడేండ్లు తగవులాడిరి. కడకు లోపలివైపున కొత్త కట్ట వేసి, పొలములను కొని, ఇండ్లు తీసివేసి, చెట్లు నరికి, 2022 శరత్కాలమున 1907 నాటి పాతకట్టకు యంత్రములతో గండి కొట్టిరి. నేడు డూల్ గాలిమరవద్దనుండి కట్టవెంట ఉత్తరముగ నడచినచో, విద్యుత్కేంద్రము దాటిన పిమ్మట ఆ గండులు కనబడును. పోటువేళ నది వానిగుండ లోనికి వచ్చి, గోధుమలు పండిన నేలపై ఒండ్రు వేసి, ఆటువేళ మరలిపోవుచున్నది. సాఫ్టింగె బురదమేట అచటికి చాల దగ్గర.